వెయిటింగ్ లిస్టులో ఆరో పేరు

"మీ వల్ల జరిగిన ఒక తప్పు చెప్పండి" అంది బల్లకి అటువైపు మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ.

ఈ ప్రశ్న వస్తుందని బయట వరండాలో బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. జవాబు కూడా అందరి దగ్గరా తయారుగా ఉంది. అతిగా కష్టపడటమే తన లోపమని చెప్పడానికి ఒకడు పొద్దున్నుంచీ పెదాలు కదుపుతూ సాధన చేస్తున్నాడు. ఎవరేం అడిగినా కాదనలేకపోవడం తన బలహీనత అని చెప్పాలని ఇంకో అమ్మాయి కాగితం మీద రాసుకొచ్చింది. మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి వచ్చిన వాళ్ళలో ఒక్కరు కూడా తప్పు అన్న మాటని నిజంగా తప్పు అని అర్థం చేసుకోలేదు.

చీమక్క చేసుకుంది.

చీమక్కకి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ రోజు ఆ గదిలోకి వెళ్ళిన వాళ్ళందరిలోకీ పెద్దది ఆమే. తొమ్మిదేళ్ళుగా ఒక పెద్దాసుపత్రిలో రోగుల దగ్గర రక్తం తీసే ఉద్యోగం చేస్తోంది. పిల్లల వార్డులో మిగతావాళ్ళు "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది" అని మాయమాటలు చెప్పి సూది గుచ్చుతుంటే, ఈమె మాత్రం "చీమ కంటే గట్టిగానే కుడుతుంది. మూడు లెక్కపెట్టు, అయిపోతుంది" అనేది. పిల్లలు నిజంగానే మూడు లెక్కపెట్టేవాళ్ళు. వాళ్ళు పెట్టిందే ఆ పేరు. అది పిల్లల వార్డులోంచి మెట్లు దిగి ఆసుపత్రంతా పాకింది. అక్కడితో ఆగక ఇంటికి కూడా వచ్చి, అమ్మ నోట్లో కూడా అదే నిలిచిపోయింది.

ఉద్యోగం చేస్తూనే సాయంకాలం తరగతులకి వెళ్ళి డిగ్రీ పూర్తి చేసింది. మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాస్తే రెండుసార్లూ ఇంటర్వ్యూ గుమ్మం దాకా రాలేదు. మూడోసారి పిలుపొచ్చింది. అలాంటి పిలుపు మీద వచ్చిన మనిషి, ఆ ముగ్గురు డాక్టర్ల ముందు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నాలుగేళ్ళ కింద, మగవాళ్ళ సర్జరీ వార్డులో పక్కపక్క మంచాల్లో ఇద్దరున్నారు మేడమ్. ఒకాయన బస్సు డ్రైవరు. నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్‌కి ముందు రక్తం ఎక్కించాలి. పక్క మంచంలో ఒక ముసలాయన. ఇద్దరి దగ్గరా రక్తం తీశాను. మంచం దగ్గరే ట్యూబు మీద పేరు అతికించాలి. ఆ పొద్దున ఏడుగురికి తీయాల్సి ఉంది, ఊపిరి సలపడం లేదు. అన్నీ ట్రేలో వేసుకెళ్ళి నర్సు బల్ల దగ్గర నిలబడి, పేర్లు ఒకేసారి అతికించేశాను."

ఎడమవైపు డాక్టరు రాసుకుంటూనే ఉన్నాడు. కుడివైపు ఆయన పెన్ను ఆపాడు.

"ఆ డ్రైవరుకి నరం దొరకలేదు. తంటాలు పడితే సగం ట్యూబే వచ్చింది. రెండు గంటల తర్వాత ల్యాబులో స్టాండు దగ్గరికి వెళ్ళాను. సగం ట్యూబు మీద ముసలాయన పేరుంది. నిండు ట్యూబు మీద డ్రైవరు పేరుంది. అప్పటికే ముసలాయన గ్రూపు రక్తం సంచి డ్రైవరుకని పైకి పంపేశారు. లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులు పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి సంచి వేలాడదీశారు. నర్సు చెయ్యి గొట్టం తెరిచే క్లాంపు మీదుంది. ఆపమని అరిచాను. ఆపింది."

"ఎక్కించి ఉంటే?"

"చచ్చిపోయేవాడు మేడమ్. లేకపోయినా చావు దాకా వెళ్ళేవాడు."

కుడివైపు డాక్టరు గొంతు సవరించుకుని, "ఇంత పెద్ద సంగతి ఇక్కడ చెప్పకపోయినా గడిచిపోయేది కదమ్మా?" అన్నాడు, పాపం మంచిగానే.

"తప్పు చెప్పమన్నారు సార్. నా దగ్గరున్న వాటిలో పెద్దది అదే."

పెద్ద డాక్టరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. మీరు చెప్పినవి మీ ఆసుపత్రిలో కనుక్కుంటాం, వెళ్ళొచ్చు అంది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. సీటు రాలేదు. అలాగని కాదనీ అనలేదు. వెయిటింగ్ లిస్టులో ఆరో స్థానం. సీటు వచ్చిన వాళ్ళలో ఎవరైనా చేరకపోతే ఒక్కొక్కరినే పైకి జరుపుతారు. క్లాసులు మొదలైన రోజుతో ఆ లిస్టుకి కాలం చెల్లిపోతుంది. ప్రతి సోమవారం పది గంటలకి కొత్త లిస్టు కాలేజీ వెబ్‌సైటులో పెడతారు.

"ఆరా? బంగారం లాంటి నంబరు!" అన్నాడు బావ. అక్క మొగుడాయన. ఇన్సూరెన్సు ఏజెంటు, మాటలతో బతికే మనిషి. మరదలి చదువు విషయంలో మాత్రం ఎవరూ అడక్కుండానే పూర్తి బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. "మరదలా, నేను మొత్తం చదివాను. మంచి అభ్యర్థి అంటే ఎవరనుకున్నావ్? వినయంగా ఉండాలి కానీ లోకువగా కనపడకూడదు. కష్టాలు పడి ఉండాలి కానీ ఏడవకూడదు. తప్పులు చేసి ఉండాలి కానీ అవి ఎవరికీ తగలకూడదు!"

"అలాంటి మనిషిని నువ్వెక్కడైనా చూశావా బావా?"

"చూడక్కర్లేదు. రాస్తే చాలు."

కుట్టు మిషను మీద జాకెట్టు చేతులు కలుపుతున్న అమ్మ కాలు ఆపకుండానే నవ్వింది. అమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ ముందు గదిలో ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టింది. ఆవిడ నవ్విందంటే అవతలి మాట కొలత సరిపోలేదని.

మొదటి సోమవారం ఆరు ఐదయింది. అక్క ఫోన్ చేసి మరీ కేక పెట్టింది. రెండో సోమవారం లిస్టు కంటే ముందు ఇంకో ఉత్తరం వచ్చింది.

ఇంటర్వ్యూలో మీరు చెప్పిన సంఘటన జరిగినట్టు మీ ఆసుపత్రి రికార్డుల్లో ఎక్కడా లేదని మాకు జవాబు వచ్చింది. పది రోజుల్లో వివరణ ఇవ్వకపోతే మీ పేరు లిస్టు నుంచి తీసేస్తాం. ఉత్తరం సారాంశం అది.

చీమక్క రెండుసార్లు చదివింది. జరగలేదా? మరి ఆ మూడంతస్తులూ ఎవరు పరిగెత్తినట్టు? ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని గంటసేపు వణికింది ఎవరు?

ఆ రోజు ల్యాబు పెద్దాయన ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆమెకి సూది పట్టుకోవడం నేర్పింది ఆయనే. నరం కంటికి కనపడదు, వేలికి తగులుతుంది అని, తన ముంజేతినే చాపి, మూడు రోజులు గుచ్చించుకుని నేర్పించాడు. "నేను రిజిస్టర్లో రాసేశాను అమ్మాయ్. నువ్వింక మర్చిపో" అన్నాడు ఆ రోజు. ఏం రాశారని ఆమె అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

ఇప్పుడు అడక్కుండానే ఆసుపత్రి కింది అంతస్తుకి వెళ్ళింది. పాత రిజిస్టర్లన్నీ ఫ్రీజరు గది పక్కన ఇనప బీరువాలో ఉంటాయి. తారీకు ఆమెకి చచ్చినా మరుపు రాదు. పేజీ తిప్పింది. పెద్దాయన గుండ్రటి చేతిరాత. "శాంపిల్ గడ్డకట్టింది. మళ్ళీ తీయడమైనది." అంతే. ఒక లైను.

డ్రైవరు పేరు లేదు. ముసలాయన పేరు లేదు. ఆమె తప్పూ లేదు, ఆమె పరుగూ లేదు.

రిజిస్టరు చంకలో పెట్టుకునే పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కూర్చో అమ్మాయ్. కాలేజీ వాళ్ళు నాకే ఫోన్ చేశారు. రికార్డులో ఉన్నదే చెప్పాను. ఇంకేం చెప్పను? నువ్వెందుకు చెప్పావు అక్కడ?"

"అడిగారు సార్."

"అడిగితే? ఆ రోజు నేను నిజం రాసుంటే నీ ఉద్యోగం ఏమయ్యేది? ఇరవై నాలుగేళ్ళ పిల్లవి. ఇంటికి పంపేసేవాళ్ళు. నిన్ను కాపాడానమ్మా."

"కాపాడారు. కాదనను."

"అయితే ఇప్పుడు నా మాట విను. ఇంకొకరికి జరిగింది విని, కంగారులో నాకు జరిగినట్టు చెప్పాను, క్షమించండి అని రెండు ముక్కలు రాసిచ్చెయ్. నేను కూడా మంచి ఉత్తరం రాస్తాను. ఆరు నెలల్లో రిటైరవుతున్నాను. ముప్పై నాలుగేళ్ళలో నా మీద ఒక్క మాట లేదు. నీకు తెలుసు."

ఆమెకి తెలుసు. తండ్రి లేని ఇంట్లో పెరిగిన పిల్ల. ఈ మనిషి భుజం తడితే చాలు, ఆ రోజంతా ఎగిరేది. అలాంటి మనిషి ముందు తలెత్తి కాదనడం, ఆ మూడంతస్తులు పరిగెత్తడం కంటే కష్టంగా ఉంది.

"సార్, ఆ తర్వాత కూడా అందరం ఆ బల్ల దగ్గరే పేర్లు అతికిస్తున్నాం. ఇవాళ పొద్దున కూడా కొత్తగా వచ్చినమ్మాయి అక్కడే అతికించింది. నేను చూశాను. మీరు ఆ రోజు నిజం రాసుంటే ఆ పద్ధతి ఆ వారమే మానిపించేవాళ్ళు. నేను ఒకసారి గుర్తుపట్టాను కాబట్టి సరిపోయింది. అందరి దగ్గరా సగం ట్యూబే రాదు కదా."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "నాకు పాఠాలు చెప్తున్నావా?"

"మీరు చెప్పిందే సార్. ట్యూబు మీద పేరు లేకపోతే అది రక్తం కాదు, రంగు నీళ్ళు అని నాకు మొదటి రోజు చెప్పింది మీరే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. ఆమె రిజిస్టరు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఇంట్లో బావ అప్పటికే ఉత్తరం తయారు చేసి కూర్చున్నాడు. "ఉదాహరణగా చెప్పాను, నాకు జరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు" అని మొదలైంది అది. భాష మాత్రం నిగనిగలాడుతోంది.

"సంతకం పెట్టు మరదలా. ఐదో నంబరు! ఇంకో నాలుగు వారాలున్నాయి. చేతిదాకా వచ్చింది."

"అబద్ధం చెప్పాను అని అబద్ధం రాయమంటావా?"

"సీటు వచ్చాక జీవితమంతా నిజాలు చెప్పుకో, ఎవడొద్దన్నాడు!"

"ఇప్పుడు చెప్పలేనిదాన్ని అప్పుడెలా చెప్తాను బావా? అప్పుడు ఇంకా పెద్దది పోతుందని భయం ఉంటుంది."

బావ అత్తగారి వైపు చూశాడు, మీరైనా చెప్పండి అన్నట్టు. అమ్మ దారం పళ్ళతో తుంచింది. "నన్ను కలపకు అబ్బాయ్. కొలత తప్పు తీస్తే గుడ్డ విప్పి మళ్ళీ కుడతాను నేను. ఇస్త్రీ చేసి ఇచ్చెయ్యను."

మర్నాడు పొద్దున్నే ఆమె ఆసుపత్రి బస్సు ఎక్కింది. ఆ రూటు బస్సు నడిపేది ఆయనే, తొడ ఎముక విరిగిన ఆ డ్రైవరు. కాలు కొంచెం ఈడుస్తాడు కానీ మనిషి దుక్కలా ఉన్నాడు. ఈ నాలుగేళ్ళలో ఆమె ఎక్కినప్పుడల్లా అద్దంలో చూసి "ఏమ్మా, రక్తం పిల్లా, బాగున్నావా?" అని పలకరిస్తాడు. తనకి రక్తం ఎక్కించిన రోజుల్లో దగ్గరుండి చూసుకుందని అభిమానం. ముందు సీటు చూపిస్తాడు. ఆమె ఒక్కనాడూ ముందు కూర్చోలేదు. ఎప్పుడూ వెనక కిటికీ పక్క సీటుకి పోయి తల దించుకునేది.

ఆ రోజు ఆసుపత్రి దగ్గర దిగలేదు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళింది. అక్కడ ఆయనకి పదిహేను నిమిషాలు విరామం. అందరూ దిగిపోయారు. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"ఏమ్మా, స్టాపు మర్చిపోయావా?"

"లేదండీ. మీతో ఒక మాట చెప్పాలి." నిలబడే చెప్పింది. సగం ట్యూబు, బల్ల, లేబుళ్ళు, మెట్లు, క్లాంపు. దేన్నీ మెత్తబరచలేదు.

ఆయన టీ తాగలేదు. మూతలోని టీ మీద ఆవిరి పోయేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అంటే నేను చచ్చేవాణ్ణి."

"అవునండీ."

"నీ చేతుల్లో."

"అవునండీ."

"నాలుగేళ్ళుగా రోజూ నిన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళాను. ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

ఇక్కడ అబద్ధం ఆడటం చాలా తేలిక. మనస్సాక్షి అనొచ్చు. నిద్ర పట్టడం లేదనొచ్చు. ఆమె నీళ్ళు నమల్లేదు.

"సగం నా సీటు కోసమండీ. డాక్టరు చదువుకి అప్లై చేశాను, అక్కడ ఈ సంగతి చెప్పాను, రికార్డులో లేదన్నారు. ఆ గొడవ రాకపోతే ఇవాళ మీ దగ్గరికి వచ్చేదాన్నో కాదో నాకే తెలీదు. మిగతా సగం మాత్రం నాలుగేళ్ళుగా ఉన్నదే. మీకు చెప్పే ఉంటారనుకున్నాను. చెప్పలేదేమోనని భయం కూడా ఉండేది. అందుకే వెనక కూర్చునేదాన్ని."

"సంతకం కావాలా నాది?"

"వద్దండీ. ఏమీ వద్దు."

"అయితే దిగు."

దిగింది. తలుపు మూసుకుంది. అక్కడి నుంచి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు. ఎండలో నడిచింది. నడుస్తుంటే ఏడుపు వచ్చింది, ఏడిస్తే తల తేలికైంది. ఆసుపత్రి గేటు కనపడేసరికి ఏం రాయాలో మొత్తం మనసులో కుదిరిపోయింది.

రెండు కాగితాలు రాసింది. మొదటిది కాలేజీకి.

"రిజిస్టర్లో ఉన్నది తప్పు. నేను చెప్పింది నిజం. నా దగ్గర సాక్ష్యం లేదు, నేను చూసిందీ చేసిందీ తప్ప. రోగికి ఇప్పుడు చెప్పాను. ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇస్తున్నాను. దీన్నిబట్టి నా పేరు ఉంచాలో తీసెయ్యాలో మీ ఇష్టం. మాట మాత్రం మార్చను."

రెండోది సూపరింటెండెంటుకి. అందులో పెద్దాయనని తిట్టలేదు. ఆ రోజు ఆయన నన్ను కాపాడాలనే అలా రాశారు, కానీ రాసింది నిజం కాదు, నేను చేసిన తప్పు నా పేరుతో రికార్డులో ఉండాలి, ఇకనుంచి మంచం దగ్గర తప్ప ఎక్కడా లేబుల్ అతికించకూడదని ఉత్తర్వు ఇవ్వాలి అని రాసింది. గుమాస్తా ముందు నిలబడి, అందినట్టు ముద్ర వేయించుకుని మరీ కదిలింది.

బావ నెత్తి బాదుకున్నాడు. "ఉన్న ఉద్యోగానికి నీ చేత్తో నువ్వే నిప్పు పెట్టుకున్నావ్! సీటూ లేదు, కొలువూ లేదు, ఇంక ఏం మిగిలింది నీకు?"

"నేను మిగిలాను బావా."

"అది తింటే కడుపు నిండుతుందా?"

"నిండదు. ఆకలేస్తే మళ్ళీ పని వెతుక్కుంటాను. నువ్వు రాసిన ఉత్తరం కింద సంతకం పెడితే అద్దంలో ఎవరిని వెతుక్కోవాలి?"

బావ తను రాసిన ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

విచారణ మొదలైంది. ల్యాబులో అందరూ ఆమెని చూసి మాటలు ఆపేసేవాళ్ళు. గురువు పొట్ట మీద కొట్టిందని ఒకళ్ళు, సీటు కోసం నాటకం అని ఒకళ్ళు. టీ తాగే చోట ఆమె కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. ఆమె ఆ ఖాళీ బల్ల దగ్గరే, అదే కుర్చీలో, టీ పూర్తయ్యేదాకా కూర్చునేది. లేచి మూలకి పోలేదు.

ఆరో రోజు పొద్దున డ్రైవరు యూనిఫారంలోనే వచ్చాడు. సూపరింటెండెంటు గది ముందు నిలబడి, "నా కాగితాలు నాకు చూపించండి" అన్నాడు. కుదరదన్నారు. "నా రక్తం సంగతి నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు?" అని వరండా అంతా వినపడేలా అడిగి, అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. ఆ గొంతు విని పై అంతస్తు నుంచి సర్జరీ వార్డు పాత నర్సు దిగొచ్చింది. లోపలికి వెళ్ళి, "ఆ రోజు క్లాంపు మీదున్నది నా చెయ్యే. ఈ అమ్మాయి అరవకపోతే తెరిచేసేదాన్ని. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అని రాసిచ్చింది.

చీమక్క మెట్ల దగ్గర ఎదురుపడితే డ్రైవరు ఆగాడు. ఆమె ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీ సీటు కోసం రాలేదు. నా కోసం వచ్చాను. నీ మీద కోపం పోలేదు నాకు."

"పోవాలని నేను అడగనండీ."

ఆయన రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "పరిగెత్తింది కూడా నువ్వేనని ఆ నర్సమ్మ చెప్పింది. అదీ గుర్తుంచుకుంటాను" అని కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

తీర్పు ఇలా వచ్చింది. రిజిస్టర్లో ఆ పేజీ సరిచేశారు. మంచం దగ్గర తప్ప లేబుల్ అతికించకూడదని ఉత్తర్వు గోడకెక్కింది, నర్సు బల్ల మీది లేబుళ్ళ పెట్టె తీసేశారు. చీమక్కని మూడు నెలలు వార్డుల నుంచి తప్పించి, స్టోరు గదిలో సీసాలు సర్దే పనికి వేశారు. పెద్దాయనకి మెమో ఇచ్చారు. ఆయన చెక్కు చెదరని ముప్పై నాలుగేళ్ళ మీద మరక పడింది. రిటైరైన రోజు వీడ్కోలు సభకి చీమక్క వెళ్ళి వరసలో నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు ఆయన చెయ్యి చాపలేదు. ఆమె వెనకున్న మనిషికి నమస్కారం పెట్టాడు. ఆ గాయం ఇప్పటికీ మానలేదామెకి. అయినా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

కాలేజీ ఆమె పేరు లిస్టులోంచి తీయలేదు. ఐదు నాలుగయింది, మూడయింది. క్లాసులు మొదలవడానికి ముందు సోమవారం రెండయింది. బావ ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి లిస్టు మూతపడింది. రెండో పేరు రెండో పేరుగానే ఉండిపోయింది.

"అయిపోయింది" అన్నాడు బావ. ఈసారి ఆయన గొంతులో దెప్పిపొడుపు లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి పాపం.

"ఈ ఏడాదికి" అంది చీమక్క. స్టోరు గది దుమ్ముకి తుమ్ముతూ ఆ వారమే మళ్ళీ దరఖాస్తు తెరిచింది. ఇంతకు ముందు ఏం రాసిందో అదే రాసింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్క పేరా కలిపింది.

పరీక్షలో ఈసారి మార్కులు కొంచెం పెరిగాయి. మరుసటి ఏడాది అదే వరండా, అదే గది. మధ్యలో అదే పెద్ద డాక్టరమ్మ. ఫైలు తెరిచి చూసి, మూసి, చేతులు దాని మీద పెట్టుకుంది.

"పోయినసారి అడిగిన ప్రశ్నే అడగనా?"

"అడగండి మేడమ్. జవాబు కూడా అదే. ఈసారి రికార్డులో ఉంది."

కుడివైపు డాక్టరు చిన్నగా దగ్గాడు. నవ్వు దాచుకోవడానికో ఏమో.

"దానివల్ల ఏం పోగొట్టుకున్నారు?"

"మూడు నెలలు సీసాల గది. ఒక ఏడాది. మా గురువుగారు." చివరి మాట చెప్పేటప్పుడు కూడా తల దించలేదు. "మళ్ళీ అయినా అదే చేస్తాను. కానీ ఒకటి మాత్రం ముందే చేస్తాను. ఆ రోజే ఆ డ్రైవరుగారి మంచం దగ్గరికి వెళ్ళి చెప్తాను. నాలుగేళ్ళు ఆగను."

"వయసు ఇరవై తొమ్మిది. మీరు డాక్టరై బయటికి వచ్చేసరికి ముప్పై అయిదు దాటుతుంది. ఆలోచించారా?"

"చదవకపోయినా ముప్పై అయిదు వస్తుంది కదా మేడమ్."

"ఒకవేళ ఈసారి కూడా వెయిటింగ్ లిస్టులోనే పెడితే?"

"లిస్టు మీది. రావడం నాది. మీరు విసిగేదాకా వస్తాను."

పెద్ద డాక్టరమ్మ ఆమెని తేరిపార చూసింది. "నేను త్వరగా విసిగే మనిషిని కాదు" అంది. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు.

ఉత్తరం వచ్చినప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. కవరు కత్తెరతో నీటుగా కత్తిరించి, చదివి, ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆమె ఎవరి చేతికో సూది గుచ్చుతోందని చెప్తే, పనయ్యేదాకా ఆగుతానంది. ఇరవై నిమిషాలు లైన్లోనే ఉంది. కూతురు ఫోను అందుకోగానే, "ఏమే చీమక్కా, లిస్టు గిస్టు ఏమీ లేదు. నేరుగా సీటే" అని, ఇంకేం అనలేక ఫోను పెట్టేసింది.

కాలేజీ మొదటి రోజు శరీర నిర్మాణం పాఠం. పెద్ద హాలు, మెట్లు మెట్లుగా కుర్చీలు. ముందు వరసలో నాలుగు కుర్చీలు విరిగి పక్కకి తీసేసి ఉన్నాయి. ఎక్కడ కూర్చోవాలో తెలీక పద్దెనిమిదేళ్ళ పిల్లలు గోడల వెంట నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళ మధ్య చీమక్క నిలబడితే వాళ్ళ పిన్నిలా ఉంది. లెక్చరర్ గబగబా లోపలికి వచ్చి, హాలంతా ఒకసారి చూసి, నేరుగా ఆమె వైపు వేలు చూపించాడు.

"అమ్మా, మీరే. పక్క గదిలోంచి నాలుగు కుర్చీలు తెప్పించండి. తొందరగా."

పిల్లలందరూ తిరిగి చూశారు. కొందరు నవ్వు ఆపుకున్నారు.

చీమక్క భుజానికున్న సంచి తీసి ముందు వరసలో మిగిలిన మంచి కుర్చీలో పెట్టింది. తొందరేమీ పడలేదు.

"నేను స్టూడెంటుని సార్. కుర్చీలు తెస్తాను. నాకొకటి ఉంది కాబట్టి, ఎవరికి లేదో వాళ్ళు ముగ్గురు నలుగురు నాతో రండి, కలిసి మోసుకొద్దాం."

లెక్చరర్ "సారీ అమ్మా" అన్నాడు. గోడ వెంట నిలబడ్డ వాళ్ళలోంచి ముగ్గురు కదిలారు. నాలుగో అమ్మాయి కాస్త తటపటాయించి వాళ్ళ వెనకే పరిగెత్తింది. చీమక్క అప్పటికే తలుపు దాటి, పక్క గది ఎటువైపో వెతుకుతూ వరండాలో నడుస్తోంది.